ముందు గుమ్మం తెరుచుకున్న ఏడాది

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మా పెద్దత్త ఇదే బిలాస్‌పూర్‌లో ఉన్న సర్కండా నుంచి ఆటోలో వచ్చింది. డెబ్బై అయిదు దాటిన మనిషి, మోకాళ్ళు సహకరించవు. అయినా చేతిలో ఉన్నది ఆటో అబ్బాయికి ఇవ్వలేదు, ఎదురెళ్ళిన నాకూ ఇవ్వలేదు. పాత దుప్పటిలో చుట్టిన దాన్ని పసిపిల్లని మోసినట్టు గుండెకి ఆనించుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ మా ఉస్లాపూర్ ఫ్లాటులోకి వచ్చింది. సోఫా మీద కూర్చోమంటే వినలేదు. కింద చతికిలబడి దుప్పటి విప్పింది. లోపల మా ఇంటి స్నానాల పీట.

"నా తరవాత నా కోడళ్ళు దీన్ని చెత్తబండోడికి ఇచ్చేత్తారే. నీ దగ్గరుంచు. నీకైతే దీని సంగతి తెలుసు గదా," అంది.

తెలుసు. మూరన్నర పొడవున్న టేకు చెక్క, కింద రెండు పొట్టి కాళ్ళు. దీని మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పసిపిల్లని పడుకోబెట్టి నీళ్ళు పోసేవారు. మా పెద్దత్తకి, మా నాన్నకి, నాకు, నా తమ్ముడికి ఈ పీట మీదే స్నానాలు. నూనె, సున్నిపిండి తాగి తాగి పైభాగం నల్లగా, నున్నగా అయిపోయింది. తిరగేస్తే మాత్రం అడుగున తెల్లరంగు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. పేరు ఉండాల్సిన చోట రంగు పెచ్చులూడి ఏమీ మిగల్లేదు. దాని కింద 'మెయిల్ డ్రైవర్' అన్న రెండు మాటలు ఇప్పటికీ చదవచ్చు. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన ఇంగ్లీషు అదే, బాత్‌రూములో, తడి నేల మీద బోర్లా పడుకుని.

మా మిన్నికి ఇప్పుడు అయిదేళ్ళు. కరోనా రోజుల్లో పుట్టింది. అది పుట్టినప్పుడు ఈ పీట పంపిస్తానని పెద్దత్త రెండుసార్లు ఫోన్ చేసింది. చెక్క పేడు గుచ్చుకుంటుందేమో, పాత చెక్కలో ఏ పురుగుందో అని నేనే వద్దన్నాను. ప్లాస్టిక్ టబ్బు కొని, నీళ్ళ వేడి చూడడానికి థర్మామీటర్ కొని, అది చూపించే అంకెని కూడా నమ్మలేక మోచెయ్యి ముంచి చూసి స్నానం చేయించాను. ఇప్పటికీ అంతే. అది నిద్రపోయాక ఇది రాస్తున్నాను, ఊపిరి సరిగ్గా తీస్తోందో లేదో అని ఈపాటికే రెండుసార్లు లేచి చూసొచ్చాను. భయపడే తల్లిని నేను. అందుకే ఈ పీట ముందు కూర్చుంటే మా మామ్మ, ఆవిడ అత్తగారు నాకు మనుషుల్లా కాక మరేదోలా కనిపిస్తారు. చిన్నప్పుడు మా ఇంటి కప్పు చూస్తే ఎలా అనిపించేదో అలా.

ఆ కప్పు నిజంగా అంత ఎత్తు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, ఎర్ర పెంకుల వరసల్లో, ఒకప్పుడు దొరల ఇంజన్ డ్రైవర్లు ఉండిన క్వార్టర్ అది. మా తాత తర్వాత, ఇంజన్ల షెడ్డులో ఉద్యోగం వచ్చాక మా నాన్న కూడా పట్టుబట్టి అదే క్వార్టర్ మార్పించుకున్నాడు. నాకు పదేళ్ళు వచ్చేదాకా అక్కడే పెరిగాను. ముందు గది తలుపులు ఏనుగు పట్టేంత ఉండేవి. పైన వెంటిలేటర్ కిటికీలకి తాళ్ళు కట్టి ఉండేవి, ఆ తాడు లాగే అధికారం మా మామ్మకి మాత్రమే. గదిలో ఒక గోడకి పొయ్యి ఉండేది. వంట పొయ్యి కాదు, చలి కాచుకునే పొయ్యి. దాని ముందు బియ్యం డబ్బాలు వరసగా పెట్టినా, నల్లటి నోరు తెరుచుకుని గోడ ఏదో చెప్పబోతున్నట్టే ఉండేది. వానాకాలం ఆ గదిలో తడి సున్నం, ఫినాయిలు, మామ్మ చుట్ట, మూడూ కలిసిన వాసన. మామ్మ, ఎప్పుడో వదిలి వచ్చిన మా తెలుగు ఊరి ఆడవాళ్ళందరిలాగే అడ్డపొగ తాగేది, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. నోట్లో నిప్పు పెట్టుకుని, ముందు వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, రోడ్డు మీద పోయే ప్రతివాళ్ళనీ పలకరించే మనిషికి ప్రపంచంలో భయం ఏముంటుంది అనుకునేదాన్ని.

ఆ ఇంట్లో ఒక చాదస్తం ఉండేది. ఎవరొచ్చినా ముందు గుమ్మంలోంచే రావాలి. బడి నుంచి వచ్చే నాకు వెనక పెరడే దగ్గర. అయినా చుట్టూ తిరిగి రావాల్సిందే. పాలవాడు, గిన్నెలు తోమే మనిషి, పాకీపని చేసే ఆవిడ, అందరూ ముందు నుంచే, ముందు గదిలోంచే. కాలనీలో మరే ఇంట్లోనూ అలా లేదు. వెనక తలుపుకి అడ్డంగా మామ్మ ఒక పాత మంచం వేయించేసింది. వానాకాలం ముందు గదంతా బురద పాదాలే. మా అమ్మ తుడవలేక విసుక్కునేది.

"అత్తయ్యా, పాలవాడు కూడా హాల్లోంచేనా?"

"మరేటి, ఆకాశంలోంచి దిగుతాడేటి?" అనేది మామ్మ, చుట్ట తీయకుండానే.

ఆ చాదస్తం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలిసింది ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రం అయిన రోజుల్లో. బడిలో జెండా పట్టించి, చేతిలో బూందీ లడ్డూ పెట్టి పంపారు. ఎనిమిదేళ్ళ దాన్ని, కాలనీ అంతా పరిగెత్తుకుంటూ వచ్చి వరండాలో ఉన్న మామ్మ ముందు నిలబడ్డాను.

"మామ్మా, రేపటినుంచి అంతా కొత్తదంట! మన రాష్ట్రం వేరేనంట!"

మామ్మ లడ్డూలో సగం విరిచి నోట్లో వేసుకుంది. "అచ్ఛా," అంది. కాసేపు నమిలింది. "ఏడాది ఆగు గుంటా. అప్పుడు సూద్దాం."

"ఏడాది ఎందుకు?"

"సొరాజ్జెం వొచ్చినప్పుడు మనింటికి రాడానికి ఏడాది పట్టింది మరి," అని, పక్కన చోటు చూపించి "కూకో" అంది. ఆ సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పిందే నేను ఇక్కడ రాస్తున్నది. తర్వాత చాలాసార్లు చెప్పించుకున్నాను. ఒక్క మాట కూడా మారేది కాదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి మామ్మకి పద్ధెనిమిదేళ్ళు. తాత ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మేన్. ఆ క్వార్టర్లో ఉండే మెయిల్ డ్రైవరు దొర కిందే పనిచేసేవాడు. తాత తల్లి, అంటే మామ్మ అత్తగారు, ఆ దొర ఇంట్లోనే ఇరవై ఏళ్ళుగా ఆయా. అందుకే ఇంటా బయటా అందరికీ ఆవిడ ఆయమ్మ. దొర పిల్లలని ఎత్తుకుని పెంచింది, కానీ ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఆ ఇంటి ముందు మెట్లు ఎక్కలేదు. వెనక సందులోంచి రావాలి, వెనక సందులోంచి పోవాలి. వాళ్ళ సొంత కాపురం మాత్రం స్టేషన్ అవతల రేకుల ఇళ్ళ లైన్లలో. మామ్మ తొలి కాన్పు ఆ లైన్లలోనే, వానల్లో అయింది. పైనుంచి కారుతూ, కిందినుంచి ఊరుతూ, పొడి చోటు అన్నది లేక, మగబిడ్డ తొమ్మిదో రోజున చలికి బిగుసుకుని పోయాడు. "ఒళ్ళు వొక్కసారి వెచ్చబడితే సాలు, బతికిపోదుడు," అనేది మామ్మ. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం బియ్యం ఏరే చెయ్యి ఆగేది.

మరుసటి ఏడు ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రాత్రి షెడ్డులో ఉన్న ఇంజన్లన్నీ ఒకేసారి కూత పెట్టాయట. తాత కూడా తాడు పట్టుకుని చెయ్యి పుండయ్యేదాకా లాగాడట. లైన్లలో ఆడవాళ్ళంతా బయటికొచ్చి, ఏ ఊరి బండి పడిపోయిందో అని గుండెలు బాదుకున్నారట. నెల తిరక్కుండానే దొర కుటుంబం సామాను సర్దుకుంది. దొరసాని ఆయమ్మ చేతిలో తాళం చెవి పెట్టి, బల్లలూ కుర్చీలూ తర్వాత మనిషిని పంపి తెప్పించుకుంటామనీ, అప్పటిదాకా ఇల్లు చూసుకోమనీ చెప్పింది. ఆయమ్మ తల మీద చెయ్యి పెట్టుకుని అలాగేనంది. దొరలు చాలామంది వెళ్ళిపోవడంతో ఫైర్‌మేన్లు గబగబా డ్రైవర్లయ్యారు. దసరా వెళ్ళాక తాత చేతికి కాగితం వచ్చింది. అదే క్వార్టర్, తాత పేరున.

ఇక్కడే జరిగింది మా వాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. వాళ్ళు ఆ ఇంట్లో చేరారు, కానీ ఇంట్లోకి వెళ్ళలేదు. వెనక పెరట్లో విడిగా ఉన్న వంటగదిలో, పనివాళ్ళ గదిలో కాపురం పెట్టారు. ఎత్తు పునాది మీదున్న అసలు ఇంటికి తాళం. ఆయమ్మ ప్రతి శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, వెనక తలుపు తీసుకుని వెళ్ళి, బల్లల మీద కప్పిన తెల్లదుప్పట్లు దులిపి, ఊడ్చి, మళ్ళీ తాళం వేసుకుని వచ్చేది. మామ్మని గడప దగ్గరే నిలబెట్టేది. అక్కడినుంచి చూస్తే గోడలో పొయ్యి కనబడేదట.

"ఓలమ్మా, గోడలో పొయ్యేటత్తా? అందులో ఏటి వొండుకుంటారు?"

"ఏటీ వొండరు. సలికి ముందర కూకుంటారు."

"ఊరికే కూకోడానికి పొయ్యి!" ఆ ఆశ్చర్యం మామ్మకి నాకు చెప్పేనాటికి కూడా తగ్గలేదు.

తాత తల్లితో చాలాసార్లు వాదించాడు. "క్వార్టరు నా పేరున రాసీసేరే అమ్మా. మందే ఇది."

"కాయితం మీద పేరు నీదేరా. దొరసానికి ఇచ్చిన మాట నాది," అనేది ఆయమ్మ. దొంగలా లోపల దూరితే, రేపు సామాను కోసం మనిషి వస్తే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆవిడకి ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళలో మిగిలింది ఒక్కటే, ఆయా చెయ్యి మంచిది అన్న పేరు. ఇది విన్నప్పుడు నేను, ఆయమ్మ ఎంత వెర్రిది మామ్మా అంటే మామ్మ నా నెత్తిన ఒక్కటిచ్చింది. "వెర్రి కాదే. మాట. తేడా తెల్సుకో."

చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. సామాను కోసం ఎవరూ రాలేదు, ఉత్తరమూ లేదు. మామ్మకి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. వానలు మొదలయ్యాయి. పనివాళ్ళ గది నేలలో నీళ్ళు ఊరడం మొదలైంది, అచ్చం లైన్లలో లాగే. మామ్మ పొద్దున్న లేవగానే అరిచెయ్యి నేలకి ఆనించి తడి చూసేదట. అది చెప్పినప్పుడు నాకేమీ తెలియలేదు. మిన్ని పుట్టాక, థర్మామీటర్ పక్కన పెట్టి నీళ్ళలో మోచెయ్యి ముంచినప్పుడల్లా ఆ అరిచెయ్యి గుర్తొచ్చేది.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది అవుతోందని కాలనీలో తోరణాలు కట్టారు, వానకి అవి రంగులు వెలిసి గోడల మీద చారికలు కట్టాయి. తాత డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నం మామ్మకి నొప్పులు మొదలయ్యాయి, మంత్రసానికి కబురు వెళ్ళింది. అప్పటికి పెరట్లో పిక్కల్లోతు నీళ్ళు. గదిలోకి వచ్చిన నీళ్ళు పొయ్యి ఆర్పేశాయి. మంచం కోడు కింద ఇటుకలు పెట్టి ఎత్తాలని ఆయమ్మ తంటాలు పడుతుండగా, ఎక్కడో తలుపు దబదబా కొట్టిన చప్పుడు. ఏ తలుపో ఇద్దరికీ కాసేపు అర్థం కాలేదట. ఏడాదిగా ఆ ఇంటి ముందు తలుపు ఎవరూ కొట్టలేదు. వచ్చింది తఖత్‌పూర్ వైపు నుంచి వచ్చి కాలనీలో పురుళ్ళు పోసే మంత్రసాని.

"వెనక్కి రా! వెనక్కి!" అని అరిచింది ఆయమ్మ.

"పాఛూ మ పానీ భరే హే దాఈ! కపాట్ ఖోల్!" అని అటునుంచి కేక. వెనకంతా నీళ్ళమ్మా, తలుపు తియ్యి అని.

మామ్మ మంచం దిగింది. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఆ నీళ్ళలో పెరడు దాటి, అసలు ఇంటి వెనక మెట్లెక్కి, తాళం వేసిన తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఆయమ్మ వెనకాలే పరిగెత్తింది.

"ఏటే ఇది! దొరసాని మనిషొస్తే నానేటి సెప్పాల?"

"దొరసానికిచ్చిన మాట ఏడాది నిలబెట్టినావత్తా. ఎవులూ కాదనరు," అంది మామ్మ. అప్పుడో నొప్పి వచ్చింది. అది పోయేదాకా ఆగి మళ్ళీ అంది. "ముందటేడు గుంటడు పోనాడు. ఈ కడుపులోదానికి నువ్వేటి మాటిస్తావో, అది కూడా సెప్పు."

ఆయమ్మ చాలాసేపు నిలబడిందని మామ్మ, అంతసేపు ఎక్కడ, ఒక్క నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య అంతే అని మళ్ళీ తనే. మొలతాడుకున్న తాళం చెవి తీసి తలుపు తీసింది. తడి పాదాలతో లోపలికెళ్ళి, శుక్రవారం శుక్రవారం తనే దులిపిన తెల్లదుప్పట్లు ఒక్కొక్కటే బల్లల మీంచి లాగేసి నేల మీద పరిచింది. ముందు తలుపు గడియ వానకి ఉబ్బి ఊడలేదు. బొగ్గు కొట్టే సుత్తి తెచ్చి కొట్టింది. తలుపు తెరుచుకోగానే వానతో, వెలుగుతో, మంత్రసానితో సహా రోడ్డంతా లోపలికి వచ్చినట్టు అనిపించిందట మామ్మకి. చీకటి పడకముందే మా పెద్దత్త పుట్టింది. తాత డ్యూటీ దిగి తిన్నగా ఆ గదిలోకే వచ్చాడు, గోడలో పొయ్యి చూశాడు. ఊళ్ళ మధ్య ఎన్ని వందల మైళ్ళు నిప్పు రాజేసిన మనిషో, ఆ పొయ్యి అంటించడానికి మాత్రం మూడు అగ్గిపుల్లలు పట్టాయట. గది వెచ్చబడింది. మామ్మ బిడ్డ అరికాళ్ళు పట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి. తొమ్మిదో రోజు కూడా వెచ్చగానే ఉన్నాయి.

మామ్మ కథ అక్కడ ఆపేది కాదు. మూడో రోజు వాన తెరిపిచ్చింది. మధ్యాహ్నం ఆయమ్మ కనబడలేదు. బిడ్డకి పాలిస్తూ మామ్మ పిలిచింది, పలకలేదు. కాసేపటికి ముందు తలుపు మీద నెమ్మదిగా మూడుసార్లు చప్పుడు.

"ఎవులది?"

"నానేనే కోడలా. తీ."

తీస్తే ఆయమ్మ. తలకి నూనె పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, మెట్ల మీద నిలబడి ఉంది. వెనక సందులోంచి బయటికెళ్ళి, కాలనీ రోడ్డంతా చుట్టి, ముందు గేటు తీసుకుని వచ్చింది.

"ఏటత్తా, లోపల్నించే రావొచ్చు గదా?"

"ఎలాగుంటాదో సూద్దామని," అంది ఆయమ్మ. కాళ్ళు కడుక్కుని, కుడికాలు ముందు పెట్టి లోపలికొచ్చింది. గది మధ్యలో నిలబడి చుట్టూ చూసిందట, ఎన్నడూ చూడనట్టు. "సేతిలో సీపురు నేకుండా వొస్తే ఇంకా పెద్దగా ఉందే గది," అందట.

సామాను కోసం ఎవరూ రాలేదు, ఎప్పటికీ. బిడ్డకి నీళ్ళు పోయడానికి పీట లేదు. గుమ్మం పక్క మేకులకి వేలాడుతున్న దొర పేరు చెక్క ఊడదీసి కాళ్ళు కొట్టమని ఆయమ్మే కొడుకుతో చెప్పింది.

"దొర పేరు మీద కూకుంటావేటే అమ్మా?"

"పేరు కిందకి పెట్టరా. చెక్క మంచిది."

ఆ మంచి చెక్కని నేను నా కూతురికి వద్దన్నాను. ఇంకొకటి కూడా ఉంది, అది రాయకపోతే ఇదంతా రాసినా ఫలం లేదు. మిన్ని పుట్టిన రోజుల్లో, భయంతో, మా ఇంట్లో పనిచేసే దులారీని వెనక మెట్ల మీదుగా, వంటింటి తలుపులోంచి రమ్మన్నాను. అక్కడే చేతులు కడుక్కుంటుందని. జబ్బు పోయింది, పద్ధతి ఉండిపోయింది. తర్వాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పనివాళ్ళందరూ వెనక మెట్లే వాడాలని పెట్టినప్పుడు, అందరితో పాటు నేనూ బొటనవేలి గుర్తు పెట్టాను. మిన్నిని రోజూ బడి బస్సు ఎక్కించేది దులారీ. మిన్ని ముందు తలుపులోంచి దిగుతుంది, దులారీ వెనక మెట్లు దిగి చుట్టూ తిరిగి గేటు దగ్గర కలుసుకుంటుంది. మిన్నిని బడిలో వేసినప్పటినుంచి నేను కిటికీలోంచి అది చూస్తూనే ఉన్నాను. నాకు ఏమీ కనబడలేదు.

పెద్దత్త పీట ఇచ్చి లేచినప్పుడు దులారీ వంటింట్లోంచి వెళ్ళబోతోంది. పెద్దత్త ఆ తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. మమ్మల్ని పెంచిన ఇంట్లో పుట్టిన మనిషి, దొర గదిలో పుట్టిందని అందరూ దొరసాని అని ఏడిపించే మనిషి. "అటు మంచం అడ్డం ఎయ్యవేటే?" అంది. అంతే, ఆటో ఎక్కేసింది.

మర్నాడు పొద్దున్న ముందు తలుపు బార్లా తీసి, నేనే మెట్ల దాకా వెళ్ళి దులారీని పిలిచాను. దులారీ నవ్వింది. "నహీ భాభీ, ఇధర్ సే హీ ఠీక్ హై. ఆదత్ హో గయీ," అని వెనక్కే వెళ్ళిపోయింది. ఇటే బాగుందట, అలవాటైపోయిందట. గ్రూపులో రాశాను, ఇద్దరు జవాబిచ్చారు, ఇద్దరూ కోపంగానే. మర్నాడూ తలుపు తీశాను. ఆ మర్నాడూ. దులారీ ఇంకా వెనక నుంచే వస్తోంది.

మొదటి వారం నాకు చాలా నిరాశగా ఉండేది. ఇప్పుడు లేదు. ఆయమ్మకి ఏడాది పట్టింది. నేను అయిదేళ్ళు వేసిన తలుపు అది. రోజూ ఆరున్నరకి గడియ తీస్తున్నాను. మిన్నికి ఇది ఒక ఆటగా మారింది. యూనిఫాం వేసుకోగానే పీట లాక్కొచ్చి సరిగ్గా గుమ్మం మధ్యలో వేసుకుని కూర్చుంటుంది, మెట్ల వైపు చూస్తూ. నిన్న వంటింటి తలుపు చప్పుడైనా లేవలేదు.

"దులారీ వచ్చేసింది కదే, పద," అన్నాను.

"రాలేదు," అంది అది. "తలుపు కొట్టలేదుగా."